సీటీసీలో కొత్త సిస్టమ్: నాలుగు సమాన భాగాలు వద్దన్న కుర్రాడు

చిక్కడపల్లిలో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. శుభలేఖలు, త్యాగరాయ గానసభలో జరిగే సభల ఆహ్వానపత్రాలు, రిటైరైన పెద్దవాళ్ళు రాసుకున్న కవితలు, శతకాలు, ఆత్మకథలు కంపోజ్ చేసి, ప్రూఫులు దిద్ది ప్రెస్సుకు పంపిస్తాను. నా సంపాదనంతా ఆ ఒక్క కంప్యూటర్ పెట్టెలోనే ఉంటుంది. అందుకే కొత్త సిస్టమ్ కొనాల్సి వచ్చినప్పుడు ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అనే దానికన్నా, విండోస్ వేసేటప్పుడు డిస్కును సీ, డీ లాంటి భాగాలుగా (పార్టిషన్లు అంటారు) ఎలా విడగొడతారన్నదే నాకు ముఖ్యమనిపించింది. ఈ రివ్యూలో ఎక్కువ భాగం ఆ పని గురించే.

షాపు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఉంది. మనందరం సీటీసీ అంటాం. లోపలి వరుసలో ఇద్దరు నిలబడితే నిండిపోయేంత షాపు. పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పేది ఆ పని జరిగిన తీరు గురించి. మీరు ఏ షాపుకు వెళ్ళినా ఇలా అడిగి చేయించుకోవచ్చు. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర రైలు మారి, ప్యారడైజ్‌లో దిగి నడిచాను. వచ్చేటప్పుడు మాత్రం ఆటోలో, క్యాబినెట్ ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

ముందు 2019లో ఏం జరిగిందో చెప్పాలి. లేకపోతే నేను ఒక స్క్రీన్ గురించి ఇంతగా ఎందుకు రాస్తున్నానో అర్థం కాదు.

అప్పటి సిస్టమ్‌లో మదర్‌బోర్డు పోయింది. పాత ప్రాసెసర్‌కే సరిపోయే బోర్డు వెతికి పెట్టించాను. విండోస్ వేయడానికి తెలిసినవాళ్ళు చెప్పిన ఒకతన్ని పిలిచాను. “సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ కొడతాను మేడమ్, డీలో ఈలో ఉన్నవి ఎక్కడికీ పోవు” అన్నాడు. ఈ మాట మనందరికీ అలవాటే. సీ పోతుంది, డీ ఉంటుంది. నేను కూడా అదే నమ్మకంతో పక్క షాపుకు టీ చెప్పి రావడానికి వెళ్ళాను. వచ్చేసరికి విండోస్ ఎక్కుతోంది, శాతం అంకెలు పెరుగుతున్నాయి. మధ్యలో ఒక మెసేజ్ వచ్చిందట. ఈ డిస్కులో ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది, ఈఎఫ్‌ఐ సిస్టమ్‌లో జీపీటీ డిస్కు మీద మాత్రమే విండోస్ ఇన్‌స్టాల్ అవుతుంది అని. డిస్కులో ఏ భాగం ఎక్కడుందో రాసిపెట్టుకునే పాత పద్ధతి ఎంబీఆర్, కొత్తది జీపీటీ. ఈఎఫ్‌ఐ అంటే కంప్యూటర్ స్టార్ట్ అయ్యే కొత్త పద్ధతి. అతను దానికి తనకు తెలిసిన దారి పట్టాడు. ఉన్న పార్టిషన్లన్నీ ఒక్కొక్కటే డిలీట్ చేసి, మొత్తం ఖాళీ చేసి, నెక్స్ట్ నొక్కాడు. నన్ను అడగలేదు. ఆ గదిలో నేను లేను కూడా.

డీ డ్రైవ్‌లో ఒక తెలుగు మాస్టారి ఆత్మకథ ఉంది. 312 పేజీలు, రెండో ప్రూఫు కూడా అయిపోయింది. రికవరీకి ఇస్తే కొన్ని ఫైళ్ళు తిరిగి వచ్చాయి గానీ పేర్లన్నీ పోయి అంకెలు మిగిలాయి, చాలావరకు తెరుచుకోలేదు. మాస్టారికి ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఫోన్ చేయలేదు. చెప్పాక ఆయన, “నోటుబుక్కులు నా దగ్గరే ఉన్నాయి కదమ్మా, మళ్ళీ మొదలుపెట్టు” అన్నారు. నలభై రోజులు మళ్ళీ టైపు చేశాను. ఆ నలభై రోజుల్లో డబ్బు కన్నా ఆయన మంచితనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ సిస్టమ్ విండోస్ 10తో ఇన్నాళ్ళూ నడిచింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కావాలి, యూఈఎఫ్‌ఐ (పైన చెప్పిన ఈఎఫ్‌ఐయే) కావాలి. నా పాత ప్రాసెసర్ ఆ లిస్టులోనే లేదు. కస్టమర్లు పెన్‌డ్రైవులు తెచ్చి గుచ్చే సిస్టమ్ కాబట్టి అలా వదిలేయడానికి ధైర్యం చాల్లేదు. ఒక మంగళవారం పొద్దున్నే బయల్దేరాను.

కౌంటర్ దగ్గర పెద్దాయన కొటేషన్ రాసిచ్చాడు. 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 2 టీబీ హార్డ్ డిస్కు, మిగతావి. విండోస్ లైసెన్సుకు విడిగా కట్టాను. సామాను తెచ్చి ముందర పెట్టాక పనికి ఒక కుర్రాడు కూర్చున్నాడు, పాతికేళ్ళు ఉంటాయేమో. స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే అతను అడిగిన మొదటి మాట: “అక్కా, మీరు ఏం పని చేస్తారు?”

ఇన్నేళ్ళలో విండోస్ వేసిన ఎవరూ నన్ను ఈ మాట అడగలేదు.

చెప్పాను. పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్, తెలుగుకు అనూ ఫాంట్లు, ఫొటోషాప్, పాత ఫైళ్ళు దాదాపు 160 జీబీ. “పాత సిస్టమ్‌లో డ్రైవులు ఎలా ఉన్నాయి, ఏది ఎంత నిండింది?” అన్నాడు. 500 జీబీ డిస్కు. సీ 100, మిగతాది డీ, ఈ, ఎఫ్ అని మూడు సమాన భాగాలు. సీ ఎప్పుడూ ఎర్రగీతలోనే ఉండేది. విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా జాగా లేదంటే, డౌన్‌లోడ్లు తీసేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి తంటాలు పడేదాన్ని. ఎఫ్‌లో మాత్రం ఎప్పటివో పాటలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఒకే డిస్కులో ఒక గదిలో ఊపిరాడదు, పక్క గది తాళం తీయకుండా పడి ఉంటుంది.

అయినా అలవాటు కొద్దీ, “కొత్తదానికి కూడా నాలుగు డ్రైవులు చేసెయ్యి బాబూ” అన్నాను. “వద్దక్కా” అన్నాడు, మొహమాటం లేకుండా. ఇలా సమానంగా పంచడం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాడు. డిస్కులో ఫైళ్ళు సర్దే పాత పద్ధతి ఫ్యాట్16 రోజుల్లో డాస్‌లో, విండోస్ 95లో ఒక పార్టిషన్ 2 జీబీ దాటేది కాదట. 8 జీబీ డిస్కు కొంటే నాలుగు ముక్కలు చేయక తప్పేది కాదు. ఆ ఇబ్బంది ఎప్పుడో పోయింది. ఇప్పటి పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 1 టీబీ మొత్తం ఒకే డ్రైవుగా పెట్టుకున్నా ఏమీ కాదు. ముక్కలు చేయాలంటే దానికో కారణం ఉండాలన్నాడు. నా విషయంలో కారణం ఒక్కటే: రేపు విండోస్ పాడై సీ ఫార్మాట్ చేయాల్సి వస్తే నా పనులు పక్కన ఉండాలి. దానికి రెండు భాగాలు చాలు.

తర్వాత అతను చేసిన పని నేను దగ్గరగా చూశాను. అన్నీ బిగించాక, 2 టీబీ హార్డ్ డిస్కుకు పెట్టిన సన్నటి ఎర్ర సాటా కేబుల్‌ను మదర్‌బోర్డు వైపు నుంచి మళ్ళీ ఊడదీశాడు. తీసి, చుట్టి, క్యాబినెట్ అంచుకు ఆనించి పెట్టాడు. కనెక్షన్ సరిగా లేదేమో అనుకున్నాను. కాదట. రెండు డిస్కులూ తగిలించి విండోస్ వేస్తే, విండోస్ ఎస్‌ఎస్‌డీలో పడినా, స్టార్ట్ అవడానికి కావలసిన చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఒక్కోసారి రెండో డిస్కులోకి వెళ్ళిపోతుంది. ఆ రోజుకు ఏమీ తెలియదు. రెండేళ్ళకు హార్డ్ డిస్కు పాడై తీసేస్తే, ఎస్‌ఎస్‌డీ బాగానే ఉన్నా సిస్టమ్ లేవదు. “ఒక్క కేబుల్ తీస్తే ఆ గొడవే ఉండదక్కా” అన్నాడు. ఇంకో లాభం కూడా ఉంది. డేటా ఉన్న డిస్కు అసలు స్క్రీన్ మీద కనిపించకపోతే, పొరపాటున దాన్ని డిలీట్ కొట్టే అవకాశమే ఉండదు. 2019లో నా డిస్కు ఒక్కటే కాబట్టి ఈ ఉపాయం అప్పుడు పనికొచ్చేది కాదు. కానీ రెండు డిస్కులున్న ప్రతివాళ్ళూ దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఆ పాత సంగతి కూడా అతనికి చెప్పాను. విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, ఆ రోజు బోర్డు సెట్టింగ్స్ ఉండే బయోస్‌లోకి వెళ్ళి పెన్‌డ్రైవ్‌ను లెగసీ మోడ్‌లో, అంటే పాత పద్ధతిలో, బూట్ చేసి ఉంటే, అదే ఎంబీఆర్ డిస్కు మీద, సీ ఒక్కటే ఫార్మాట్ చేసి విండోస్ 10 వేసి ఉండొచ్చని. ఏదీ డిలీట్ చేయాల్సిన అవసరమే లేదట. ఆ మాట వినడం కష్టంగానే ఉంది, కానీ ఆరేళ్ళుగా నాకు ఎవరూ చెప్పని మాట అది.

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేశాడు. విండోస్ ఎక్కడ వేయాలని అడిగే స్క్రీన్ వచ్చాక మానిటర్‌ను నా వైపు తిప్పాడు. డిస్క్ 0, అన్‌అలొకేటెడ్ స్పేస్, 931.5 జీబీ. ఒకే ఒక్క వరుస. 1 టీబీకి డబ్బులు కట్టాను కదా, మిగతాది ఏమైందని చాలామంది గొడవపడతారట. ఎవరూ మింగలేదు. డిస్కు తయారుచేసేవాళ్ళు వెయ్యి లెక్కన గుణిస్తారు, విండోస్ 1024 లెక్కన భాగిస్తుంది. 500 జీబీ డిస్కు 465గా, 2 టీబీ డిస్కు 1863గా కనిపించేది అందుకే.

సీకి ఎంత ఇవ్వాలన్న దగ్గర పది నిమిషాలు ఆగాం. ఇక్కడ తొందరపడితే తర్వాత దిద్దుకోవడం కష్టమని అతను కాగితం మీద గీసి చూపించాడు. ముందు ఈఎఫ్‌ఐ, 100 ఎంబీ. పక్కన విండోస్ తన కోసం ఉంచుకునే ఎంఎస్‌ఆర్, 16 ఎంబీ, అది మనకు కనబడదు. తర్వాత సీ. సీ అయిపోగానే విండోస్ తన రికవరీ పార్టిషన్ పెట్టుకుంటుంది, కొన్ని వందల ఎంబీ. ఆ తర్వాతే మన డీ. రేపు సీ చాలడం లేదని, డీలో ఉన్నవన్నీ వేరేచోట దాచి డీని తీసేసినా, విండోస్‌లో ఉన్న డిస్క్ మేనేజ్‌మెంట్ సీని పెంచదు. ఎందుకంటే దానికి ఖాళీ జాగా సీని ఆనుకునే ఉండాలి, మధ్యలో రికవరీ అడ్డు కూర్చుంటుంది. బయటి సాఫ్ట్‌వేర్‌తో జరపొచ్చు గానీ, డేటా ఉన్న డిస్కు మీద అలాంటి పని తను చేయనన్నాడు. “అందుకే సీని మొదట్లోనే ధారాళంగా ఇద్దాం” అన్నాడు. నేను 150 అన్నాను, అతను 250 అన్నాడు. ఫొటోషాప్ పెద్ద బ్యానర్లు చేసేటప్పుడు స్క్రాచ్ ఫైళ్ళు, అంటే పని జరిగేటప్పటి తాత్కాలిక ఫైళ్ళు, సీలోనే పెడుతుందని గుర్తుచేశాక ఒప్పుకున్నాను.

ఆ పెట్టెలో అంకె ఎంబీల్లో కొట్టాలి. 250ని 1024తో గుణించి 256000 కొట్టాడు. అక్కడ 250000 కొట్టినా కొంప మునగదు, 244 జీబీ వస్తుంది, అంతే. మిగిలిన జాగా ఏమీ చేయకుండా అలాగే వదిలేశాడు. నెక్స్ట్ నొక్కే ముందు, “చూసుకున్నారా అక్కా, కొట్టనా?” అని అడిగాడు. కొట్టు అన్నాను. ఆ ఒక్క ప్రశ్న కోసమే నేను ఈ షాపును మరొకరికి చెప్తాను.

విండోస్ ఎక్కాక కంప్యూటర్ ఆపి, ఎర్ర కేబుల్ మళ్ళీ తగిలించాడు. ఆన్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే, కొత్త డిస్కు వచ్చింది, ఎంబీఆరా జీపీటీయా అని అడిగింది. జీపీటీ పెట్టాడు. ఎస్‌ఎస్‌డీలో వదిలేసిన జాగాను కూడా ఇక్కడే డీ డ్రైవ్‌గా చేశాడు. ఎంబీఆర్ పద్ధతి 1983 నాటిది. నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి ఉండవు, మామూలు డిస్కుల్లో 2 టీబీకి పైన చూడలేదు. జీపీటీలో విండోస్ 128 దాకా ఒప్పుకుంటుంది. మనకు అన్ని అక్కర్లేదు గానీ, ముందుముందు 4 టీబీ డిస్కు కొంటే సగం కనబడకుండా పోదు.

డ్రైవులకు పేర్లేం పెట్టాలని అడిగినప్పుడు కీబోర్డు నా చేతికిచ్చాడు. డీకి ‘పనులు’ అని, హార్డ్ డిస్కుకు ‘పాత పనులు’ అని తెలుగులోనే కొట్టాను. ఎక్స్‌ప్లోరర్‌లో తెలుగు అక్షరాలతో రెండు డ్రైవులూ కనిపించినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. హార్డ్ డిస్కును మాత్రం ముక్కలు చేయలేదు. ఏడాదికో ఫోల్డర్ పెట్టుకుంటే అదే విభజన.

నా అంతట నేను అడగకపోయినా అతను చేసినవి రెండున్నాయి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో లొకేషన్‌కు వెళ్ళి వాటిని డీలోకి మార్చాడు. కస్టమర్లు తెచ్చినవన్నీ మనం డెస్క్‌టాప్ మీదే పడేస్తాం. అది పేరుకే మన కళ్ళ ముందు ఉంటుంది, నిజానికి ఉండేది సీలో. సీ పోతే అవీ పోతాయి. రెండోది, ఫాంట్లు. ఫాంట్లు విండోస్ ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి సీ ఫార్మాట్ అయితే అవి కూడా పోయి, పాత ఫైలు తెరవగానే అక్షరాలన్నీ పిచ్చి గీతలవుతాయి. నా ఫాంట్లన్నీ డీలో ఒక ఫోల్డర్‌లో విడిగా కాపీ చేసిపెట్టాడు. తెలుగు డీటీపీ చేసేవాళ్ళకు ఇది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

పార్టిషన్ చేసుకున్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదని కూడా అతనే గట్టిగా చెప్పాడు. ఎస్‌ఎస్‌డీ కాలిపోతే సీ, డీ రెండూ కలిసే పోతాయి, మధ్యలో ఉన్న గీత ఏమీ కాపాడదు. ఇప్పుడు ప్రతి శనివారం ‘పనులు’ను ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసి ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో పెడుతున్నాను. షాపులోనే ఒకటి అంటగట్టొచ్చు, కానీ మీ దగ్గర ఉన్నది చాలన్నాడు.

ఇక బాగోలేనివి. రెండు గంటల్లో అయిపోతుందన్నారు. పొద్దున పదకొండున్నరకు కూర్చుంటే సాయంత్రం ఐదైంది. పాత డిస్కు నుంచి కాపీకే గంట దాటింది, అది అర్థం చేసుకోగలను. కానీ మధ్యలో కుర్రాణ్ణి ఇంకో రెండు పనుల మీద పంపించారు, నేను స్టూలు మీద ఊరికే కూర్చున్నాను. సామానుకు సీరియల్ నంబర్లతో సహా జీఎస్టీ బిల్లు సరిగా ఇచ్చారు గానీ, విండోస్ వేసినందుకు 500, డేటా మార్చినందుకు 300 మాత్రం చిన్న చీటీ మీద రాసిచ్చారు. నాకు అది కూడా బిల్లులో ఉండాలి.

అంతకన్నా పెద్దది ఒకటుంది. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్కుకు తాళం వేసే ఏర్పాటు, దానంతట అదే ఆన్ అయ్యే అవకాశం ఉంది. నా సిస్టమ్‌లో అయింది, కానీ ఆ సంగతి నాకు చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత సెట్టింగ్స్‌లో చూస్తే తెలిసింది. రేపు బోర్డు మార్చాల్సి వచ్చి, 48 అంకెల రికవరీ కీ మన దగ్గర లేకపోతే, డీలో ఉన్నవి మన కళ్ళ ముందే ఉన్నా తెరవలేం. ఒకసారి బోర్డు పోయి దెబ్బతిన్న నాకు ఇది తెలియగానే ఎంత టెన్షన్ వచ్చిందో. ఫోన్ చేస్తే కుర్రాడు తడుముకోకుండా, “సారీ అక్కా, అది చెప్పాల్సింది” అని, అకౌంట్‌లో కీ ఎక్కడుంటుందో చెప్పి, నేను కాగితం మీద రాసుకునేదాకా లైన్లోనే ఉన్నాడు. తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి కోపం లేదు. కానీ కొత్త సిస్టమ్ చేతికిచ్చే ముందు ప్రతి కస్టమర్‌కూ చెప్పాల్సిన మాట ఇది.

మరొకటి ఇంటికొచ్చాక కనిపెట్టాను. హార్డ్ డిస్కు తిరిగేటప్పుడు సన్నగా గుయ్‌మని శబ్దం వస్తుంటే పక్క పలక తీసి చూశాను. నాలుగు స్క్రూలు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి.

ఎవరైనా వెళ్తే పొద్దున తెరవగానే వెళ్ళండి, శనివారం వద్దు. పాత డ్రైవుల్లో ఏది ఎంత నిండిందో ముందే రాసుకుని వెళ్ళండి. పార్టిషన్ స్క్రీన్ వచ్చినప్పుడు మానిటర్ మీ వైపు తిప్పమనండి, టీకి మాత్రం లేవకండి. నేను వచ్చే మంగళవారం మిగిలిన రెండు స్క్రూలు పెట్టించుకోవడానికి మళ్ళీ వెళ్తున్నాను. మా ప్రెస్సు ఆయన కూడా తన సిస్టమ్ పట్టుకుని వస్తానన్నారు. ఆయన సీ డ్రైవ్ 80 జీబీ, నెల రోజులుగా ఎర్రగానే ఉంది.